ఆఫీసు కౌన్సెలింగ్‌కి ఫోన్ చేస్తే హెచ్‌ఆర్‌కి తెలిసిపోతుందా?

మామూలుగా తెలియదు. ఈఏపీ అనే ఈ ఉద్యోగుల సహాయ పథకాన్ని చాలా కంపెనీలు బయటి సంస్థకు అప్పగిస్తాయి. డబ్బు కట్టేది కంపెనీ, మనతో మాట్లాడేది బయటి కౌన్సెలర్. హెచ్‌ఆర్‌కి సాధారణంగా ఎంతమంది వాడుకున్నారనే లెక్కే వెళ్తుంది, పేర్లు వెళ్లవు. ప్రాణాపాయం ఉందనిపిస్తే మాత్రం మినహాయింపు. అయినా మొదటి కాల్‌లోనే ‘నా వివరాలు ఎవరికి చెప్తారు?’ అని మొహమాటం లేకుండా అడిగేయండి. ఆఫీసు ఫోన్ వాడొద్దు.

నేను మొదటిసారి పార్కింగ్‌లో కారు అద్దాలు ఎత్తుకుని మాట్లాడాను. నిద్ర పట్టట్లేదని చెప్పడానికే పది నిమిషాలు పట్టింది. ఆ రోజు చేయకపోయుంటే టెన్షన్ ఇంకా ముదిరేది.

ఉచిత సెషన్లు కొన్నే ఉంటాయి. మీ ఆఫీసులో ఈ సౌకర్యమే లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.