బడి కంప్యూటర్లకు లినక్స్ ఎక్కించబోయే మేనకోడలికి

చి. సుధకు మామయ్య ఆశీస్సులు.

మన ఊరి బడికి వచ్చిన పాత కంప్యూటర్లన్నిటికీ ఈ వేసవిలో నువ్వే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తున్నావని అక్కయ్య చెప్పినప్పుడు చాలా గర్వపడ్డాను. కానీ ‘ప్రాసెసర్ పేరు చూసి ప్రోగ్రాముల కట్ట, అదే ప్యాకేజీ, దించుకోవడమే కదా’ అని నువ్వు అన్నావట, అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందు పాత ఫైళ్లు వేరే డిస్కులో దాచుకో.

2007లో మా ఆఫీసుకు ఇంటెల్ ప్రాసెసర్‌తో కొత్త 64 బిట్ల కంప్యూటరు వచ్చింది. లినక్స్‌లో ఒక రకమైన డెబియన్ జాబితాలో ఏఎండీ64, ఐఏ64 అని రెండూ కనిపిస్తే, ఇంటెల్ యంత్రానికి పోటీ కంపెనీ పేరున్నది ఎందుకని ఐఏ64 డిస్కును రాత్రంతా దించాను. ఉదయం దానితో కంప్యూటరు బూట్ కాలేదు, అంటే మొదలే కాలేదు. మళ్లీ మళ్లీ మూడు డిస్కులు రాసి చూసి, డ్రైవే పాడైందని నిశ్చయించుకుని, ఆ కంప్యూటరును అమర్చి ఇచ్చిన కుర్రవాణ్ణి పిలిపించి అందరి ఎదుటా నానా మాటలూ అన్నాను. అతడు స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకుని, తల వంచుకుని అలాగే నిలబడ్డాడు. ఐఏ64 అంటే ఇటానియం అనే వేరే జాతి ప్రాసెసర్ అనీ, మన కంప్యూటర్లలోని 64 బిట్ల పద్ధతిని రూపొందించి 2003లో ఆప్టెరాన్‌తో బయటికి తెచ్చింది ఏఎండీయే అనీ, మరుసటి ఏడాది ఇంటెల్ కూడా దాన్నే అనుసరించినా డెబియన్ దానికి పుట్టింటి పేరునే ఉంచిందనీ వారం తరువాత తెలిసింది. క్షమాపణ చెప్పుకుందామని దుకాణానికి వెళితే అతడు అప్పటికే పని మానేసి వెళ్లిపోయాడు.

కనుక నీ కంప్యూటరు ఇంటెల్‌దైనా ఏఎండీ64నే తీసుకో. ఫెడోరా అనే మరో లినక్స్ రకం ఎక్స్86_64 అన్నా, మరొకరు ఎక్స్64 అన్నా అదే. ఏదైనా యంత్రం నిజంగా 32 బిట్లదే అయితే డెబియన్ 13 ఇన్‌స్టాలర్ దానికి దొరకదు, 12 వాడాలి.

రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డుల దగ్గర మాత్రం తొందరపడకు తల్లీ, వాటిలో ఉండేది ఏఆర్ఎమ్ అనే వేరే జాతి ప్రాసెసర్. దాని 64 బిట్ల రకానికి ఏఆర్ఎమ్64, ఆర్చ్64 అనే రెండు పేర్లూ ఒకటే. 32 బిట్ల ఏఆర్ఎమ్‌హెచ్ఎఫ్ మాత్రం ఒకే పేరుతో రెండు రకాలు: డెబియన్‌ది ఏఆర్ఎమ్‌వి7కు కట్టినది, రాస్‌బెర్రీ పై వారిది మొదటి తరం బోర్డుల ఏఆర్ఎమ్‌వి6కు కూడా పనిచేసేలా కట్టినది. డెబియన్‌దాన్ని ఆ మొదటి తరం బోర్డుపై వేస్తే ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ప్రోగ్రాము ఆగిపోతుంది. ‘యూనేమ్ -ఎమ్’ (uname -m) అనే ఆదేశం కెర్నెల్ సంగతి, అంటే సిస్టమ్ నడిమి భాగం సంగతి మాత్రమే చెబుతుంది. ప్యాకేజీల కోసం ‘డీపీకేజీ --ప్రింట్-ఆర్కిటెక్చర్’ (dpkg --print-architecture) అనే ఆదేశం ఇచ్చే జవాబునే నమ్ము.

ఆ జవాబును కాగితం ముక్కపై రాసి ఒక్కొక్క పెట్టెకూ అంటించు. ఏదైనా బూట్ కాకపోతే, నీకు సాయం చేస్తున్న పిల్లల్లో ఎవరినీ ఒక్క మాట కూడా అనకముందే నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా ఎత్తుతాను.

నీ మామయ్య