రెండో బిడ్డకు ముందే జన్యు పరీక్ష చేయించుకోండి

మీ బాబుకు పుట్టిన వారం నుంచీ ఒళ్లంతా నీటి పొక్కులు లేస్తున్నాయనీ, డాక్టర్లు అది ఎపిడెర్మోలిసిస్ బులోసా అన్నారనీ రాశారు. రెండు వంశాల్లోనూ ఎవరికీ లేని జబ్బు మేనరికం వల్లే వచ్చిందా, రెండో బిడ్డకూ వస్తుందా అని అడిగారు. నేనూ మా మేనమామ కొడుకునే చేసుకున్నాను. మా పాపకు ఇదే జబ్బు, రెసెసివ్ డిస్ట్రోఫిక్ రకం. రెసెసివ్ అంటే తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపం వస్తేనే బయటపడేది. పుట్టిన రోజున చేతికి అంటించిన ప్లాస్టర్ తీస్తే, దానితోపాటు చర్మమూ ఊడివచ్చింది.

ఈ రకంలో చర్మపు పైపొరను కింది పొరకు పట్టి ఉంచే సన్నని పోగులు సరిగా ఏర్పడవు. ఆ పోగులకు కావలసిన ఏడో రకం కొల్లాజెన్ తయారీ మూడో క్రోమోజోము మీది సీఓఎల్7ఏ1 జన్యువు చేతిలో ఉంటుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున అందరికీ ఆ జన్యువు రెండు ప్రతులుంటాయి. ఒకటి చెడినా రెండోది సరిపోతుంది కనుక నాకూ మా వారికీ ఏనాడూ ఒక్క పొక్కు లేవలేదు. మా అమ్మమ్మకో తాతయ్యకో ఉన్న ఒకే లోపం, మా అమ్మ ద్వారా నాకు, మామయ్య ద్వారా మా వారికి చేరి, పాపలో జతపడింది. మేనరికం లోపాన్ని పుట్టించదు, దాగి ఉన్నది రెండు వైపుల నుంచీ కలిసే అవకాశాన్ని పెంచుతుంది. బంధుత్వం లేని దంపతులకూ ఇలాంటి పిల్లలు పుడుతున్నారు. తప్పంతా తల్లి మీదికి నెట్టే మాటలు మీ ఇంట్లో వినిపిస్తే దయచేసి తలవంచకండి.

రెసెసివ్ రకమైతే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒకరికి వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురికీ రాదని మా అత్తయ్య నమ్మారు. లెక్క అలా సాగదు, ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచే.

అయితే ముందు రకం తేలాలి. ఇదే జన్యువు వల్ల డామినెంట్ రకమూ వస్తుంది, అందులో ఒక్క ప్రతి చెడితే చాలు. తల్లిదండ్రుల్లో లేని జన్యు మార్పు బిడ్డలోనే కొత్తగా పుట్టి ఉండవచ్చు కూడా. 2023 మేలో అమెరికాలో అనుమతి పొందిన, పుండ్ల మీద రాసే జన్యు చికిత్స జెల్ సైతం డిస్ట్రోఫిక్ రకానికే పనికొస్తుంది. కాబట్టి ముందు బాబు రక్తంలో, తరువాత మీ ఇద్దరి రక్తంలో ఆ మార్పును గుర్తించాలి. హైదరాబాదు నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. మాకు ఆ మార్పు ముందే తెలియడం వల్లనే, రెండోసారి 11 వారాలు దాటాక మావి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించగలిగారు. అలా పుట్టిన మా బాబు మాలాగే వాహకుడు, అంటే ఒక ప్రతిలోనే లోపం ఉంది, జబ్బు లేదు. మీ బాబు రిపోర్టు రాకముందే గర్భం వస్తే, ఆ వారాల్లో దేనికోసం వెతకాలో డాక్టర్లకు తెలియదు.