ఈత రాకపోయినా నీళ్లలోకి దిగొచ్చు

చెల్లికి,

నిన్న మరిది ఫోన్ చేసినాడు. గుండె ఆపరేషన్ అయినా నీళ్లలో ఎక్సర్‌సైజు చేసుకోవచ్చని డాక్టరు చెప్పినాడంట, నువ్వేమో "ఈ వయసులో ఈత యాడ నేర్చుకునేది" అని మొండికేసినావంట. నిన్ను ఈదమని ఎవరన్నారే? నాకు గుండెకు స్టెంటు వేసి నాలుగేండ్లు, నీళ్లలోకి దిగబట్టి మూడేండ్లు దాటింది, ఈరోజుకీ నాకు ఈత రాదు. అన్న నడుముకు సొరకాయ బుర్రలు కట్టుకుని కేసీ కాలువలో దూకుతుంటే మనిద్దరం గట్టు మీద వాని చొక్కాకు కాపలా ఉన్నోళ్లమే కదా. నేను చేసేదల్లా నీళ్లలో నడవడం.

మోకాళ్ల నొప్పితో రోడ్డు మీద పావుగంట నడవలేనిదాన్ని, నీళ్లలో అరగంట నడుస్తున్నా. నడుము లోతులో నిలబడితే ఒంటి బరువు సగమే కాళ్ల మీద పడుతుంది, రొమ్ము లోతులో ఇంచుమించు మూడో వంతే. అయితే ఈ సుఖాన్ని నమ్మొద్దు. కాళ్లకు తేలికైనంత మాత్రాన గుండెకు తేలిక కాదు. నీళ్లు కాళ్లనూ పొట్టనూ చుట్టూ అదుముతాయి, అక్కడి రక్తం పైకి, ఎదలోకి చేరుతుంది. మెడ దాకా మునిగితే అట్లా చేరేది 700 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది, పెద్ద చెంబెడు అనుకో. ఆ ఎక్కువ రక్తాన్నంతా గుండే తోయాలి. తట్టుకునే గుండెకు అది మంచి కసరత్తు, తట్టుకోలేనిదానికి ఆయాసం. అందుకే ఎకో పరీక్షలో గుండె పంపింగ్ ఎంతుందో చూసినాకనే డాక్టరు సరేనంటాడు. కాళ్లు వాచినా, పడుకుంటే దమ్ము ఆడకపోయినా, రెండు మూడు రోజుల్లోనే రెండు కేజీలు పెరిగినా నీళ్లు కాదు, ఆస్పత్రి ముఖం చూడాలి.

ఇంకోటి. నాది స్టెంటు, మణికట్టు దగ్గర సూది గాయం మానితే సరిపోయింది. నీది బైపాస్. రొమ్ము ఎముక కోసి తీగతో కట్టినారు, కాల్లోంచి రక్తనాళం తీసినారు. ఆ ఎముక అతకడానికే 6 నుంచి 8 వారాలు పడుతుంది, నీకిప్పుడు పది దాటినాయి గాబట్టి డాక్టరు ఒప్పుకున్నాడు. కాలి కుట్ల దగ్గర ఒక్క చోట తడి కనబడినా, పొక్కు ఊడకుండా ఉన్నా ఆగు. చేతులతో నీళ్లను గట్టిగా నెట్టడం సర్జన్‌ను అడిగినాకనే. నిచ్చెన కడ్డీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవడమూ వద్దు, రొమ్ము మీద లాగుతుంది. మెట్లు ఉండే కొలనే వెతుక్కో.

కాలువ, నది, బావి నీకు పనికిరావు. ఒరవడి ఉంటుంది, పాచి ఉంటుంది, అడుగు కనబడదు. స్విమ్మింగ్ పూల్‌లో కూడా కాపలా మనిషి ఉన్నప్పుడే దిగు. నీళ్లు 30 నుంచి 33 డిగ్రీలుంటే మేలు, చెయ్యి పెడితే చల్లగానూ వేడిగానూ అనిపించకూడదు. మే నెలలో ఇక్కడైనా మీ అనంతపురంలోనైనా మధ్యాహ్నానికి పైన ఎండ, కింద కాగిన నీళ్లు, అందుకని పొద్దున ఆరింటికే పో. ధనుర్మాసంలో నేను దిగనే దిగను, వరండాలో నడుస్తా. చన్నీళ్లు ఒక్కసారిగా తగిలితే రక్తనాళాలు బిగుసుకుని బీపీ ఎక్కుతుంది, గుండె లయ కూడా తప్పొచ్చు.

మొదటి వారం నడుము లోతులో పది నిమిషాలు చాలు, గోడ కడ్డీ మీద ఒక చెయ్యి ఉండనీ. మొదట మెల్లగా, మధ్యలో కాస్త చురుగ్గా, చివర మళ్లీ మెల్లగా. ముందుకు నడువు, పక్కకు నడువు, ఊపిరి మాత్రం బిగబట్టొద్దు. వేగం రెట్టింపు చేస్తే నీళ్ల అడ్డు నాలుగింతలవుతుంది, గుర్తుంచుకో. వారానికి మూడు రోజులు, రెండేసి నిమిషాలు పెంచుకుంటూ పో.

నాడి లెక్కను నమ్ముకోవద్దు. ఒకరోజు కోచ్ పిల్లోడు నా మణికట్టు పట్టుకుని "పల్స్ తక్కువుందవ్వా, ఇంకా గట్టిగా చెయ్" అన్నాడు. నీళ్లలో నాడి మామూలుగానే పది దాకా తగ్గుతుంది, దానికితోడు నేను వేసుకునే మెటోప్రొలాల్ మాత్ర ఇంకా తగ్గిస్తుంది. వానికేం తెలుసు పాపం. నా లెక్క వేరే. పక్కనామెకు రాత్రి వండిన కూర సంగతి చెప్తా నడుస్తా. ఉప్పూ కారం దాకా ఒకే ఊపిరిలో చెప్పగలిగితే సరే, మాట మధ్యలో తెగితే అడుగు తగ్గిస్తా.

అసలు చిక్కు దిగేటప్పుడు కాదు, ఎక్కేటప్పుడు. నెలరోజులైనాక ఒకనాడు ఆటో వచ్చిందని గబగబా నాలుగు మెట్లూ ఎక్కేసినా. చుడీదార్ నుంచి నీళ్లు కారుతున్నాయి, కాళ్ల కింద తెల్ల టైల్సు, అవి కాస్తా పసుపై, నల్లబడి, నేను గోడకు ఆనుకుని కిందికి జారినా. అదిమే నీళ్లు ఒక్కసారిగా లేకపోయేసరికి రక్తమంతా కాళ్లలోకి దిగిపోయి బీపీ పడిపోయింది, అంతే. పైగా నీళ్లలో ఉంటే ఒంటికి తొందరగా వస్తుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది. ఇప్పుడు మోకాలి లోతుకొచ్చి నిలబడతా, ఒక మెట్టెక్కి నిలబడతా, గట్టు మీద పది నిమిషాలు కూర్చున్నాకనే లేస్తా. ఒక గ్లాసు నీళ్లు తాగుతా. డాక్టరు నీకు రోజుకింతేనని కొలత పెట్టింటే ఆ లెక్కలోనే తాగు.

ఉగ్గాని బజ్జీ తిని రెండు గంటలు కాకుండా దిగొద్దు. షుగర్ మాత్రలు వేసుకుంటావు గాబట్టి ఖాళీ కడుపుతోనూ వద్దు, రెండు బిస్కెట్లు తిను. చీర సంగతి మరిచిపో, తడిస్తే బండరాయి.

నాలుక కింది మాత్ర డబ్బా మరిది జేబులో ఉండాలి. ఎదలో నొప్పొస్తే మెల్లగా బయటికొచ్చి కూర్చుని మాత్ర పెట్టుకో, ఐదు నిమిషాలకు తగ్గకపోతే 108కి ఫోన్ చేయమను. ఆయన్ను గట్టు మీదనే కూర్చోబెట్టుకో, పేపరు మాత్రం ఇయ్యొద్దు. పేపరు చేతిలో ఉంటే నువ్వు మునిగినా తలెత్తడు.

మీ అక్క,
కర్నూలు