చంద్రుడి మీదకు వెళ్లింది రాళ్ల కోసమేనా?

ప్రశ్న: అపోలో యాత్రలకు అంత డబ్బు పోస్తే వచ్చింది రాళ్లూ మట్టే కదా! ఆ మాత్రానికి మనుషులే వెళ్లాలా? 1972 తర్వాత మళ్లీ ఎవరూ ఎందుకు దిగలేదు?

జవాబు: వెళ్లింది రాళ్ల కోసం కాదండీ, సోవియట్ యూనియన్ మీద పంతంతో. 1961 ఏప్రిల్‌లో సోవియట్ వ్యోమగామి గగారిన్ భూమిని చుట్టి వచ్చేసరికి అమెరికాకు తల కొట్టేసినంత పనైంది. నెలన్నర తిరక్కుండానే అధ్యక్షుడు కెన్నెడీ అమెరికా చట్టసభ (కాంగ్రెస్) ముందు నిలబడి, ఈ దశాబ్దం అయిపోయేలోగా చంద్రుడి మీదకు మనిషిని పంపి క్షేమంగా వెనక్కి తెస్తామని చెప్పేశాడు. అప్పటికి వాళ్ల అనుభవమల్లా అలన్ షెపర్డ్ పదిహేను నిమిషాలపాటు పైకెళ్లి సముద్రంలో దిగడం, అంతే! 1966కల్లా దేశ బడ్జెట్‌లో నాలుగు శాతానికి పైగా నాసాకే పోతోంది. 1969 జులైలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ దిగారు, పందెం గెలిచారు, ఇక డబ్బులిచ్చేవాళ్లకు మోజు తీరిపోయింది. మరుసటి ఏడాదే అపోలో 18, 19, 20 రద్దు చేసేశారు.

అలాగని రాళ్లను తీసిపారేయకండి. ఆరు యాత్రల్లో పన్నెండు మంది కలిసి 382 కిలోలు తెచ్చారు. సోవియట్ యంత్రాలు లూనా 16, 20, 24 మూడూ కలిపి తెచ్చింది 300 గ్రాముల పైచిలుకు. బరువు సంగతి అలా ఉంచండి, ఏది ఏరాలో కంటికి తెలియాలి కదా. ఆ పన్నెండు మందిలో శాస్త్రవేత్త ఒక్కడే, జియాలజిస్టు హారిసన్ ష్మిట్ (ఆయనకూ ఆఖరి ట్రిప్పులో గానీ చోటు దొరకలేదు!). షార్టీ అనే గుంట అంచున నడుస్తుంటే ఆయన బూటు కింద బూడిదరంగు దుమ్ము చెదిరి, లోపల నారింజ రంగు కనిపించింది. అక్కడే ఆగి తవ్వి తెచ్చారు. తీరా చూస్తే అవి దాదాపు 350 కోట్ల ఏళ్ల కిందట లావా పైకి చిమ్మినప్పుడు గడ్డకట్టిన సన్నటి గాజుపూసలు. 2008లో కొత్త పరికరాలతో పరీక్షిస్తే ఆ పూసల్లో నీటి జాడ బయటపడింది, చుక్క నీరు లేదనుకున్న చంద్రుడి లోపలి నుంచి! ఇప్పుడు నాసా కొత్త చంద్రయాత్రల కార్యక్రమం ఆర్టెమిస్ వాళ్లు దక్షిణ ధ్రువం వైపు చూస్తున్నదీ నీటి కోసమే. అక్కడ ఎండ పడని గుంటల్లో మంచుంది. దాన్ని తవ్వి తీయగలిగితే తాగడానికీ, ఆక్సిజన్‌కూ, రాకెట్ ఇంధనానికీ పనికొస్తుంది.

ప్రశ్న: ఆల్డ్రిన్ స్కెచ్ పెన్నుతో ఇంజిన్ స్టార్ట్ చేశాడంటారు, నిజమేనా?

జవాబు: దాదాపు నిజమే. ఇరుకు క్యాబిన్‌లో వీపు సంచీ తగిలిందో ఏమో, తిరిగి పైకి లేపే ఇంజిన్‌కు కరెంటిచ్చే స్విచ్ కొన విరిగి నేలమీద పడి ఉంది. వేలు పెడితే షాక్ కొడుతుందేమోనన్న టెన్షన్ ఒకటి. అందుకని జేబులో ఉన్న స్కెచ్ పెన్ను తీసి, లోహం లేని దాని మొనతో నొక్కాడు. స్విచ్ లోపలికి వెళ్లి నిలిచింది, ఇద్దరూ ఇంటికి బయల్దేరారు.