ఆ డబ్బు ఎవరిది, ఎప్పుడు కట్టాలి?

తమ్మీ,

ఫుట్‌బాల్ క్లబ్బుల డబ్బు, ఆటగాళ్ల ట్రాన్స్‌ఫర్లు, నిర్వహణ మీద నీ వ్యాసం చదివాను. వేడి ఉంది, వేగం ఉంది. తెల్లవారుజామున మూడింటిదాకా మ్యాచ్ చూసి, ఓడిపోయిన కడుపుమంటతో అలాగే కూర్చుని రాశావని ప్రతి వాక్యంలో తెలుస్తోంది. ఆ మంట చల్లార్చుకోమని నేను చెప్పను. అభిమానం లేనివాడు క్లబ్బుల జమాఖర్చుల మీద రాస్తే అది ఆడిట్ రిపోర్టు అవుతుంది, దాన్ని ఎవడూ చదవడు.

కానీ మాంచెస్టర్ యునైటెడ్ యజమానుల్ని ఇన్ని పేజీలు తిట్టాక కూడా వాళ్లు చేసిన తప్పేంటో నాకు అర్థం కాలేదు. ఒక పేరాలో "జేబులోంచి పైసా తీయరు" అన్నావు. తర్వాతి పేరాలోనే బ్రెజిల్ వింగర్ ఆంటొనీ మీద 82 మిలియన్ పౌండ్లు గంగలో పోశారన్నావు. ఇంతకీ వాళ్లు పిసినారులా, దుబారా మనుషులా? రెండూ కావచ్చు. నన్నడిగితే రెండూ నిజమే. అయితే ఆ రెండూ ఒకేచోట ఎలా కుదిరాయో చెప్పకపోతే, పాఠకుడు నిన్ను కోపంలో నోటికొచ్చింది అన్నవాడి కిందే జమకడతాడు.

ఇన్నేళ్లుగా నేను పట్టుకు వేలాడేది ఒక్కటే. ఏ అంకె రాసినా ముందు రెండు ప్రశ్నలు వేసుకుంటాను: ఈ డబ్బు ఎవరిది, ఎప్పుడు కట్టాలి? నీ వ్యాసాన్నే ఆ రెండు ప్రశ్నలతో చూద్దాం.

గ్లేజర్ కుటుంబం 2005లో యునైటెడ్‌ను సుమారు 790 మిలియన్ పౌండ్లకు కొంది. అందులో పెద్ద భాగం అప్పు. ఆ అప్పులో చాలా భాగం కొన్నవాళ్ల మీద కాకుండా క్లబ్బు మీదే పడింది. అంతకుముందు అప్పుల్లేని క్లబ్బు అది. అప్పట్నుంచి టికెట్లు, టీవీ, స్పాన్సర్ల మీద వచ్చిన డబ్బులోంచి వందల మిలియన్లు వడ్డీలకే పోయాయి. ఇప్పుడు ఆంటొనీ దగ్గరికి రా. అతని కోసం పెట్టిన డబ్బు కూడా యజమానుల జేబులోది కాదు, క్లబ్బు సంపాదనే. నీ రెండు పేరాలూ ఇక్కడ కలుస్తాయి చూడు. సొంత డబ్బు తీయనివాళ్లే పరుల సొమ్మును ధారాళంగా ఖర్చు పెట్టారు. ఈ ఒక్క మాట ముందు చెప్పి ఉంటే, తర్వాతి నీ తిట్లన్నీ సూటిగా తగిలేవి.

ఇక రెండో ప్రశ్న. ఇక్కడే మన కుర్రాళ్లు చాలామంది తడబడతారు, పేరున్న విలేకరులు కూడా. ఆటగాణ్ణి కొన్న డబ్బు క్లబ్బు లెక్కల్లో ఒకే ఏడాది ఖర్చుగా పడదు. కాంట్రాక్టు ఎన్నేళ్లో అన్నేళ్లకు పంచి రాస్తారు. ఆంటొనీ 2022లో వచ్చాడు, ఐదేళ్ల కాంట్రాక్టు. 82ని ఐదుతో భాగిస్తే ఏడాదికి 16.4 మిలియన్లు. మూడేళ్లు గడిచేసరికి పుస్తకాల్లో ఇంకా సుమారు 33 మిలియన్లు మిగిలి ఉంటాయి. 2025లో స్పెయిన్ క్లబ్బు రియల్ బెటిస్‌కు బోనస్‌లు పక్కన పెడితే దాదాపు 22 మిలియన్ యూరోలకు అమ్మారు. పౌండ్లలో అది ఇరవై లోపే. అంటే "82కి కొని 20కి అమ్మారు" అని నువ్వు గుండెలు బాదుకున్న చోట, ఆ ఏడాది లెక్కల్లో కనిపించే నష్టం 13, 14 మిలియన్ల దగ్గర తేలుతుంది. మిగతా నష్టం మూడేళ్లుగా నెమ్మదిగా మింగేశారు. అది బాధాకరం కాదని నేననడం లేదు. కానీ బాధ ఏ ఏడాదిలో ఎంత పడిందో తెలిస్తేనే, మరుసటి వేసవిలో కొత్తవాళ్లను కొనడానికి ఎంత వెసులుబాటు మిగిలిందో నువ్వు చెప్పగలవు.

ఒక జాగ్రత్త. పుస్తకాల్లో పంచి రాయడం వేరు, అవతలి క్లబ్బుకు వాయిదాల్లో డబ్బు కట్టడం వేరు. మియాపూర్‌లో ఫ్లాట్ కొన్నవాడు బ్యాంకుకు కట్టే ఈఎంఐ ఒకటి, ఏటేటా ఆ బిల్డింగుకు తగ్గే విలువ ఇంకొకటి. రెండూ ఫ్లాట్ గురించే అయినా ఒకదాని బదులు ఇంకొకటి రాయకూడదు. నీ నాలుగో పేజీలో అలా కలిసిపోయాయి, సరిచెయ్.

ఇదే లెక్కలోంచి స్కాట్ మెక్‌టామినే సంగతి తియ్యి. "చిన్నప్పట్నుంచి మన దగ్గరే పెరిగిన పిల్లాణ్ణి అమ్ముకున్నారు" అని రాశావు. ఆ వాక్యం నాకు నచ్చింది. కానీ ఎందుకు అమ్మారో రాయలేదు. క్లబ్బు సొంత శిక్షణశాలలో, అంటే అకాడమీలో పెరిగినవాణ్ణి కొన్నది లేదు కాబట్టి పుస్తకాల్లో అతని విలువ సున్నా. 2024లో ఇటలీ క్లబ్బు నాపోలి ఇచ్చిన 25 మిలియన్ పౌండ్ల పైచిలుకు మొత్తం లాభం కింద పడుతుంది. అదే డబ్బుకు కొనుక్కొచ్చిన ఆటగాణ్ణి అమ్మితే అందులో సగం కూడా లాభంగా కనిపించకపోవచ్చు. అందుకే నష్టాలకు పరిమితి పెట్టే నిబంధనలు వచ్చాక ఇంగ్లండ్ క్లబ్బులు ముందు ఇంటి పిల్లల్నే బజారుకు తెస్తున్నాయి. మెక్‌టామినే వెళ్లిన తొలి సీజన్‌లోనే ఇటలీ లీగ్ గెలిచి, ఆ లీగ్‌లో ఉత్తమ ఆటగాడు అనిపించుకున్నాడు. నీ కోపానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఏం కావాలి? నువ్వేమో దాన్ని వదిలేసి యజమానుల విగ్గుల మీద జోకులేశావు. ఆ జోకులు తీసెయ్.

ఆ నిబంధనల గురించి రాసేటప్పుడు మొత్తం రూల్‌బుక్ దించకు. ఒక కేసు తీసుకుని దగ్గరగా చూపించు, చాలు. నేనైతే నాటింగ్‌హమ్ ఫారెస్ట్ క్లబ్బును ఎంచుకుంటాను. ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పై లీగైన ప్రీమియర్ లీగ్‌లో అప్పట్లో మూడేళ్లకు కలిపి గరిష్ఠంగా 105 మిలియన్ పౌండ్ల నష్టం దాకా ఒప్పుకునేవారు. ఫారెస్ట్ ఆ మూడేళ్లలో రెండేళ్లు కింది డివిజన్‌లో ఉంది కాబట్టి దాని పరిమితి 61 మిలియన్లు. వాళ్లు 34.5 మిలియన్లు దాటేశారు. వాళ్ల దగ్గర బ్రెనన్ జాన్సన్ అనే సొంత అకాడమీ కుర్రాడు ఉన్నాడు. లెక్కల సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. ఆలోగా అమ్మితే లోటు చాలావరకు పూడేది. ఆగితే ఇంకా మంచి రేటు వస్తుందని ఆగారు. సెప్టెంబర్ 1, 2023న టాటెన్‌హమ్‌కు 47.5 మిలియన్లకు అమ్మారు. రేటు నిజంగానే బాగా వచ్చింది, గడువు మాత్రం రెండు నెలల కిందటే దాటిపోయింది. మంచి బేరం కోసమే ఆగామని విచారణలో చెప్పుకున్నారు. ఫలితం, 2024 మార్చిలో నాలుగు పాయింట్లు కోత. "ఎప్పుడు కట్టాలి" అన్నట్టే "ఎప్పటిలోగా రావాలి" అనేదీ ఎంత పెద్ద ప్రశ్నో దీన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

మేనేజ్‌మెంట్ మీద నువ్వు రాసిన భాగం పొడుగ్గా ఉంది గానీ పలచగా ఉంది. "బోర్డుకు విజన్ లేదు" అని ఎవరి గురించైనా రాసేయొచ్చు. తేదీలు పక్కపక్కన పెట్టు, అవే మాట్లాడతాయి. యునైటెడ్ కోచ్ ఎరిక్ టెన్ హాగ్ కాంట్రాక్టును 2024 జులైలో పొడిగించారు. అక్టోబర్‌లో తీసేశారు. అతనికీ అతని సిబ్బందికీ కలిపి కట్టిన పరిహారం 10.4 మిలియన్ పౌండ్లని క్లబ్బు లెక్కల్లోనే ఉంది. అదే ఏడాది ఏరికోరి తెచ్చుకున్న స్పోర్టింగ్ డైరెక్టర్ ఐదు నెలలకే వెళ్లిపోయాడు, అక్కడ ఇంకో 4.1 మిలియన్లు. తర్వాత పొదుపు పేరుతో వందల మంది ఉద్యోగుల్ని తీసేసి, క్లబ్బు స్టేడియం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో స్టాఫ్ క్యాంటీన్ మూసి, భోజనం బదులు పళ్లు ఇస్తామన్నారు. వీటి మధ్య నీ వ్యాఖ్యానం ఒక్క ముక్క కూడా అక్కర్లేదు. క్యాంటీన్ సంగతి చివర పెట్టు, అంతే.

ట్రాన్స్‌ఫర్ పుకార్ల గురించి ఎక్కువ చెప్పను. ఆటగాళ్లను కొని అమ్ముకునే గడువు, అంటే విండో, తెరిచిన నెలల్లో వచ్చే వార్తల్లో చాలా భాగం ఏజెంట్ల దగ్గర పుట్టినవే. కొత్త కాంట్రాక్టులో జీతం పెంచుకోవడానికి "ఫలానా క్లబ్బు అడుగుతోంది" అని వదులుతారు. వార్త వల్ల ఎవరికి లాభమో ఆలోచించి రాయి. రొక్కం లేని ట్రాన్స్‌ఫర్ అన్న మాటకూ మోసపోకు. 2018 జనవరిలో యునైటెడ్ తన ఆటగాడు మ్ఖితార్యాన్‌ను ఆర్సెనల్‌కు ఇచ్చి, మార్పిడి మీద అలెక్సిస్ సాంచెజ్‌ను తెచ్చింది. రొక్కం ఇవ్వలేదని అందరం మెచ్చుకున్నాం. అతని జీతం చూసి డ్రెస్సింగ్ రూమ్‌లో మిగతావాళ్లు ఎంత అడగడం మొదలుపెట్టారో ఆ తర్వాత తెలిసింది. ఇంకోటి, ప్రతి అంకెనూ కోట్లలోకి మార్చకు. ఆంటొనీ రేటు అప్పటి లెక్కన 750 కోట్ల పైమాటే అని ఒకచోట చెబితే సరి. పేరాకో వంద కోట్లు దొర్లితే చదివేవాడికి అంకె బరువు తెలియకుండా పోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ఉండేది చందానగర్‌లో. హైదరాబాద్ ఎఫ్‌సీ సొంత మైదానంగా ఉన్న గచ్చిబౌలి స్టేడియం నీకు పెద్ద దూరమేం కాదు. ఇన్ని పేజీల్లో ఒక్కచోట కూడా ఆ క్లబ్బు పేరు లేదు.

నాకు కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. డబ్బు, ట్రాన్స్‌ఫర్లు, నిర్వహణ అని నువ్వు రాయాలనుకున్న మూడింటికీ ఇంతకంటే పచ్చి కథ ఎక్కడుంది? 2019లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో పుణె ఫ్రాంచైజీ స్థానంలో ఇక్కడ పుట్టిన క్లబ్బు అది. తొలి సీజన్‌లో అట్టడుగున ఉండి, మూడో సీజన్‌కల్లా కప్పు కొట్టింది. 2022 మార్చి 20న గోవా ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్ మీద ఫైనల్. 88వ నిమిషం దాకా ఒక గోల్ వెనకబడి ఉన్నాం. సాహిల్ తవోరా గాల్లో వచ్చిన బంతిని గాల్లోనే కొట్టి సమం చేశాడు. షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు, 3-1. ఆ సీజన్‌లో స్ట్రైకర్ ఓగ్బెచేవి 18 గోల్స్. కోచ్ మనోలో మార్కెజ్ కుర్రాళ్లకు అవకాశమిచ్చి జట్టును ఎలా కట్టాడో దేశమంతా చూసింది. మరుసటి ఏడాదీ లీగ్‌లో రెండో స్థానం.

ఆ తర్వాతి సీజన్‌లో, 2023-24లో, 22 మ్యాచ్‌లాడి గెలిచింది ఒక్కటి. ఎనిమిది పాయింట్లు, చివరి స్థానం. ఆట మర్చిపోయారా? కాదు. జీతాలు ఆగాయి. బకాయిలు తేలేదాకా కొత్తవాళ్లను నమోదు చేసుకోవద్దని ఫీఫా నిషేధం పెట్టింది. విదేశీయులు, పేరున్న మనవాళ్లు సీజన్ మధ్యలోనే ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు.

ఇక్కడ నువ్వు నిలబడి వివరంగా రాయాల్సిన విషయం ఒకటుంది. ఫీఫా నిబంధన ప్రకారం రెండు నెలల జీతం బకాయి పడితే ఆటగాడు 15 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి కాంట్రాక్టు తెంచుకోవచ్చు. అప్పుడు క్లబ్బుకు ట్రాన్స్‌ఫర్ డబ్బు రాదు. అంటే జీతం ఎగ్గొట్టిన క్లబ్బు ఆటగాణ్ణి పోగొట్టుకోవడంతో ఆగదు, అతణ్ణి అమ్మితే వచ్చే డబ్బునూ పోగొట్టుకుంటుంది, ఆ డబ్బుతో తీర్చగలిగిన బకాయి అలాగే మిగిలిపోతుంది. మునిగే క్లబ్బు అంత వేగంగా మునగడానికి కారణం ఇదే. ఇది తెలుగులో సరిగ్గా వివరించినవాళ్లు నాకు కనిపించలేదు.

మరి జీతాలు ఎందుకు ఆగుతాయి? నీ మొదటి ప్రశ్న వెయ్యి, డబ్బు ఎవరిది? ఐఎస్‌ఎల్ గెలిచినందుకు ఆ ఏడాది హైదరాబాద్‌కు వచ్చింది 6 కోట్లు. ఆటగాళ్ల జీతాల్లో సగానికి కూడా అది రాదు. టికెట్ల డబ్బుతో బండి నడవదు. లీగ్ నుంచి కిందికి పడిపోయే భయం అప్పట్లో లేదు, పైకెళితే కురిసే డబ్బూ లేదు. ఏటా యజమాని తన వేరే వ్యాపారంలోంచి తెచ్చి పోస్తేనే క్లబ్బు. ఆ వ్యాపారం తుమ్మితే ఇక్కడ కుడి వింగర్‌కు జీతం రాదు. 2024లో కొత్త యజమానులు వచ్చారు, ఆ సీజన్‌లో చివరి నుంచి రెండో స్థానం. 2025లో ఫ్రాంచైజీ ఢిల్లీకి వెళ్లి పేరు కూడా మార్చుకుంది. అదే ఏడాది, 2010లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కుదుర్చుకున్న 15 ఏళ్ల వాణిజ్య ఒప్పందం ముగింపుకు రావడంతో లీగ్ మొత్తమే ఆగిపోయే పరిస్థితి వచ్చింది, కొన్ని క్లబ్బులు జీతాలు నిలిపేశాయి. అభిమానికి ఓటు లేదు, వాటా లేదు. ఆరేళ్లు పసుపు చొక్కా వేసుకుని అరిచినవాడు ఇప్పుడేం చెయ్యాలి? మాంచెస్టర్ అభిమాని గొడవ యజమాని ఎలాంటివాడన్నది. మనవాడికి గొడవ పడటానికి క్లబ్బే మిగల్లేదు.

పాత సంగతులు కూడా ఒక చోట రానివ్వు, గర్వం కోసం కాదు, పోలిక కోసం. కోచ్ రహీం సాబ్ తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. ఆ ఆటగాళ్లకు పోలీసు ఉద్యోగమే జీతం, సర్కారే యజమాని. ఆట అయిపోయినా నెల జీతం ఆగేది కాదు. అయినా కలకత్తా క్లబ్బుల పిలుపు ముందు ఆ భరోసా నిలవలేదు. అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. ట్రాన్స్‌ఫర్ బాధ మనకు కొత్త కాదు.

కాబట్టి యునైటెడ్ వ్యాసం పక్కన పెట్టు, తర్వాత చూద్దాం. ముందు హైదరాబాద్‌ది రాయి. పని ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను. ప్రతి క్లబ్బు వెనక ఒక కంపెనీ ఉంటుంది. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో వంద రూపాయలు కడితే దాని బ్యాలెన్స్ షీట్లు చూడొచ్చు. జీతాల ఖర్చు ఏ ఏడాది ఎంత పెరిగింది, యజమాని తెచ్చిన డబ్బు వాటాగా పెట్టాడా అప్పుగా రాసుకున్నాడా, ఈ రెండూ ముందు రాసుకో. తర్వాత దక్కన్ అరీనాకు వెళ్లి శ్రీనిధి దక్కన్ మ్యాచ్ ఒకటి చూడు. 2023, 2024లలో వరసగా ఐఎస్‌ఎల్ కింది అంచె అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన క్లబ్బు అది, మన నగరంలో సగం మందికి పేరు కూడా తెలియదు. గేటు దగ్గర ఎంతమంది ఉన్నారు, టికెట్ ఎంత, బోర్డుల మీద ఎవరి ప్రకటనలున్నాయి, అన్నీ చూసి రా.

పత్రాల్లో అర్థం కానివి ఉంటే ఫోన్ చెయ్. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, ఎత్తను. ఇంకో మాట, ఈసారి "సార్" అని రాయకు, అన్నా అంటే చాలు.

నీ
అన్న