‘మావాడికి చెప్పుకోదగ్గ కథే లేదు’

ప్రశ్న: మా అబ్బాయి పన్నెండో తరగతికి వస్తున్నాడు. అమెరికా కాలేజీల కోసం కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుతో అప్లై చేసే వెబ్‌సైట్) తన గురించి పర్సనల్ ఎస్సే రాయాలి. కోచింగ్‌లో చేర్పించి టెంప్లేట్ నేర్పించాలా, ఇంట్లోనే రాయించాలా? వాడి జీవితంలో చెప్పుకోదగ్గ కథేమీ లేదు. వాడు రాసిన డ్రాఫ్టును నేనే రెండుసార్లు సరిదిద్దాను. - ఒక తల్లి

జవాబు: అమ్మా, కథేమీ లేదన్న మాట వాడు వినేలా అన్నారా? అని ఉంటే ఇక అనకండి. కథకు పతకాలు, ప్రమాదాలు అక్కర్లేదు. ఒక కోరిక, దానికో అడ్డు, అక్కడ వాడు తీసుకున్న ఒక నిర్ణయం ఉంటే చాలు. తమ్ముడికి సైకిల్ నేర్పబోయి, విసుగొచ్చి మధ్యలో వదిలేసి వచ్చిన సాయంత్రం ఉందనుకోండి. మర్నాడు మళ్లీ ఎందుకు వెళ్లాడన్నదే ఎస్సే.

650 పదాలకు మించి రాయనివ్వరు కాబట్టి బాల్యం నుంచి మొదలుపెడితే అసలు ఘట్టానికి చోటు మిగలదు. సైకిల్ పడిపోయిన క్షణంతో మొదలెట్టమనండి. వెనకటి సంగతులకు రెండు మూడు వాక్యాలు, గొడవ జరిగిన ఆ పది నిమిషాలకు దాదాపు సగం పదాలు. ‘సహనం విలువ తెలిసింది’ అని చివర్లో రాస్తే కొట్టేయమనండి. మర్నాడు వాడు సీటు ఎలా పట్టుకున్నాడో రాస్తే ఆ సహనం కనిపిస్తుంది.

రాసే ముందు నోటితో చెప్పించి ఫోన్‌లో రికార్డు చేయండి. మాట వేగం పెరిగిన చోటే కథకు గుండెకాయ. రాశాక పేరాల మధ్య ‘తర్వాత’, ‘తర్వాత’ అని మాత్రమే కలుస్తుంటే అది దినచర్య. ‘కానీ’, ‘అందుకని’ అని కలవాలి.

టెంప్లేట్ల మీద నాకు నమ్మకం తక్కువ. కథ మెల్లగా పతాక సన్నివేశానికి ఎక్కి, తర్వాత దిగుతుందని చాలాచోట్ల నేర్పే పిరమిడ్ బొమ్మ 1863లో గుస్తాఫ్ ఫ్రైటాగ్ అనే జర్మన్ రచయిత నాటకాల నిర్మాణాన్ని వివరించడానికి గీసింది. పూర్తయిన నాటకాన్ని అర్థం చేసుకోవడానికి అది బాగా పనికొస్తుంది. పదిహేడేళ్ల పిల్లాడి సాయంత్రాన్ని అందులో కూరితే, పతాక సన్నివేశం కోసం వాడు జరగనిది కల్పిస్తాడు. అలాంటి ఎస్సేలు నా దగ్గరికి ఏటా వస్తాయి. మొదటి వాక్యంలో ఉత్కంఠ, చివరి వాక్యంలో జ్ఞానోదయం, మధ్యలో పిల్లాడు కనిపించడు. ‘అప్పుడు నీకేమనిపించింది?’ అని విసుగులేకుండా అడిగే టీచరు దొరికితే కోచింగ్‌లో చేర్పించండి. వాక్యాలు అందించే చోటికి మాత్రం పంపకండి.

మీరు చేసిందీ అదేనమ్మా. వాడి మాటలు తీసేసి మీ మాటలు పెట్టారు. చదివేవాళ్లకు అందులో నలభై అయిదేళ్ల గొంతు వినిపిస్తుంది. నా మాటలు రాస్తే సరిపోవన్నమాట అని వాడికీ అనిపిస్తుంది, ఆ గాయం ఎస్సే కన్నా పెద్దది. అక్షరదోషాలుంటే చూపించండి, అంతవరకే.

ఎర్లీ దరఖాస్తులకు, అంటే మామూలు గడువు కన్నా ముందే పంపేవాటికి, చాలా కాలేజీల్లో గడువు నవంబరు 1. వాడికి బోలెడు సమయం ఉంది. మీరు దిద్దకముందున్న డ్రాఫ్టు ఇంకా దాచి ఉంచితే, ఈ రాత్రే వాడికి తిరిగి ఇచ్చేయండి.