యూనివర్సిటీ జట్టుకు ఏ బ్రాండ్ మంచిది? లోగో కాదు, కాంట్రాక్టు చూడండి

అమెరికాలో చదువుతున్న మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: మా యూనివర్సిటీ జెర్సీల బ్రాండ్ మారుస్తోందట, నైకీ, అడిడాస్, అండర్ ఆర్మర్‌లలో ఏది మంచిది, దీనికోసం అభిమానులు అంతలా గొడవపడటంలో అర్థం ఉందా?

అర్థం ఉంది. గొడవపడాల్సిన చోట పడకపోవడమే ఇబ్బంది. బ్రాండ్ పేరు చూసి మంచీ చెడూ తేల్చలేం. ఒకే కంపెనీ తనకు ముఖ్యమైన యూనివర్సిటీకి ప్రత్యేకంగా డిజైన్ చేయిస్తుంది, ఇంకోదానికి క్యాటలాగ్‌లో ఉన్న నమూనాకు రంగులు మార్చి పంపేస్తుంది. మీ జట్టు ఈ రెండింట్లో ఏ వరసలో ఉందో ఛాతీ మీది లోగో చెప్పదు. ఆ సంగతి కాంట్రాక్టులో ఉంటుంది.

కాంట్రాక్టు అనగానే అందరూ మొత్తం అంకె చూస్తారు. పత్రికల్లో వచ్చే ఆ అంకెలో నగదు కొంతే. మిగతాది సరుకు: బూట్లు, జెర్సీలు, ట్రాక్ సూట్లు, బ్యాగులు. ఆ సరుకుకు కట్టే విలువ కంపెనీకి అయిన ఖర్చు కాదు, చాలా కాంట్రాక్టుల్లో షాపు ధర, లేదంటే టోకు ధర. నలభై డాలర్లకు అమ్మే షర్టు తయారీకి అందులో కొద్ది భాగమే అవుతుంది, యూనివర్సిటీ ఖాతాలో మాత్రం నలభై డాలర్ల సాయంగా రాసుకుంటారు. ఆ పైన గెలిస్తే ఇచ్చే బోనస్‌లు, ప్రచారానికి పెడతామన్న ఖర్చు కూడా కలిపి ఒక పెద్ద అంకె ప్రకటిస్తారు. నగదెంత, ఏటా ఎంత, సరుకు ఏ ధరకు లెక్క కట్టారు అని అడిగిన తర్వాతే ఒప్పందం గొప్పదో కాదో మాట్లాడాలి.

దీనికి యూసీఎల్‌ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) కన్నా మంచి ఉదాహరణ లేదు. 2015 చివర్లో టెక్సస్ యూనివర్సిటీ నైకీతో 25 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. 2016 మొదట్లో ఒహాయో స్టేట్ అదే నైకీతో 25.2 కోట్లకు సంతకం చేసింది. రెండూ 15 ఏళ్లవే. అదే ఏడాది మేలో యూసీఎల్‌ఏ అడిడాస్‌ను వదిలి అండర్ ఆర్మర్‌తో 15 ఏళ్లకు 28 కోట్ల డాలర్ల ఒప్పందం ప్రకటించింది. కాలేజీ క్రీడల్లో అప్పటిదాకా అంత పెద్దది లేదు. సంతకం చేసినందుకే కోటిన్నర డాలర్లు. అభిమానులు సంబరపడ్డారు. కంపెనీ పరిస్థితి ఎలా ఉంది, మధ్యలో తప్పుకుంటే ఏమవుతుంది అన్న సంగతి పట్టించుకున్నవాళ్లు తక్కువ.

2017 జూలైలో కొత్త జెర్సీలు వచ్చాయి. అదే సమయంలో అమెరికాలో అండర్ ఆర్మర్ అమ్మకాలు మందగించడం మొదలైంది. 2020 మార్చిలో కోవిడ్‌తో ఆటలు ఆగాయి. జూన్‌లో కంపెనీ ఒప్పందం రద్దు చేస్తున్నట్టు చెప్పేసింది. మాకు రావాల్సిన ప్రచారం రాలేదు కాబట్టి డబ్బు ఇవ్వనక్కర్లేదన్నది వాళ్ల వాదన. అనుకోని విపత్తు వస్తే బయటపడే నిబంధన ఇలాంటి ఒప్పందాల్లో చాలావాటిలో ఏదో ఒక రూపంలో ఉంటుంది, దాన్ని వాళ్లు పట్టుకున్నారు. యూనివర్సిటీ ఆగస్టులో 20 కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారం కోరుతూ కోర్టుకెళ్లింది. 2021లో కంపెనీ ఎదురు దావా వేసింది. సామాజిక న్యాయం కోసం ఆటగాళ్లు పెట్టుకున్న ప్యాచ్‌తో మా లోగోను కప్పేశారన్నది అందులో ఒక ఆరోపణ. చివరికి 2022 మేలో దాదాపు 6.75 కోట్ల డాలర్లు చెల్లించి కంపెనీ తగువు తెంచుకుంది. బర్కిలీ, సిన్సినాటి యూనివర్సిటీలు కూడా ఆ రోజుల్లోనే అండర్ ఆర్మర్ నుంచి బయటపడ్డాయి.

ఈలోగా యూసీఎల్‌ఏ నైకీ వారి జోర్డాన్ బ్రాండ్‌తో ఆరేళ్లకు 4.64 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. పాత ఒప్పందం ఏడాదికి 1.87 కోట్ల చొప్పున పడితే, కొత్తది 77 లక్షలు. సగం కూడా లేదు. అయినా చాలామంది అభిమానులు ఈ చిన్న ఒప్పందమే మేలన్నారు, నేనూ అదే అంటాను. నిలబడే కంపెనీ ఇచ్చే తక్కువ డబ్బుతో అథ్లెటిక్ విభాగం బడ్జెట్ వేసుకోవచ్చు. కోర్టు మెట్లెక్కి తెచ్చుకునే డబ్బును నమ్మి ఎవరికీ జీతాలివ్వలేరు.

పబ్లిక్ యూనివర్సిటీ అయితే ఆ కాంట్రాక్టు కాపీని రాష్ట్ర సమాచార చట్టం కింద అడిగి తీసుకోవచ్చు. స్థానిక పత్రికలు చేసేది అదే. డ్యూక్, నోటర్ డేమ్ లాంటి ప్రైవేటు సంస్థలకు ఆ చట్టం వర్తించదు. కాపీ చేతికొస్తే నేరుగా రద్దు నిబంధనలకు వెళ్లండి, ఆ తర్వాత ఏ తప్పుకు ఎంత డబ్బు కోస్తారో చెప్పే పట్టికకు. బూట్ల మీది లోగో కనపడకుండా మడమ చుట్టూ టేపు చుట్టుకునే ఆటగాళ్లుంటారు. అలా కప్పితే డబ్బు కోత పెట్టే నిబంధన చాలా కాంట్రాక్టుల్లో ఉంది. యూనిఫాం మీద తయారీ కంపెనీ లోగో రెండుంపావు చదరపు అంగుళాలు దాటకూడదని అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నియమం. ఆ కాస్త జాగా కోసమే ఇన్ని కోట్లు, అందుకే అది కప్పితే అంత కోపం.

ఇక రంగు. అభిమానుల గొడవల్లో నాకు అన్నిటికన్నా న్యాయంగా కనిపించేది ఇదే. ప్రతి రంగుకూ ఒక నంబరిచ్చే పాంటోన్ పద్ధతిలో టెనెస్సీ ఆరెంజ్ పాంటోన్ 151, టెక్సస్ కాల్చిన ఆరెంజ్ పాంటోన్ 159. నంబరు కాగితం మీద స్పష్టంగానే ఉంటుంది, గుడ్డ మీదికొచ్చేసరికి మారుతుంది. కాటన్‌కు రియాక్టివ్ రంగులు వాడతారు, 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర పట్టేస్తాయి. పాలిస్టర్‌కు డిస్పర్స్ రంగులు కావాలి, వాటిని ఒత్తిడి పెట్టి 130 డిగ్రీల దగ్గర అద్దాలి. రసాయనాలు వేరు, గుడ్డ మెరుపు వేరు. అందుకే షాపులో ట్యూబులైటు కింద టీషర్టూ జెర్సీ ఒకే రంగులో కనిపించి, ఎండలోకి రాగానే విడిపోతాయి. కంపెనీ మారితే మిల్లు మారుతుంది, గుడ్డ మారుతుంది, రంగు కూడా కదులుతుంది. మిషిగన్ 2007లో నైకీ నుంచి అడిడాస్‌కు వెళ్లాక వాళ్ల మొక్కజొన్న పసుపు కాస్తా హైలైటర్ పెన్ను పసుపైందని అభిమానులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2016 ఆగస్టులో నైకీ తిరిగొచ్చినప్పుడు వాళ్లు ముందు చూసింది బూటు కాదు, ఆ పసుపే. యూనివర్సిటీ చేయాల్సింది కష్టమేమీ కాదు. ప్రతి రకం గుడ్డ మీదా అద్దిన నమూనా ముక్కలు తెప్పించుకుని, ఎండలో చూసి, సంతకం పెట్టి ఒక సెట్టు తమ దగ్గర ఉంచుకోవాలి. జట్ల ఆర్డర్లు దాదాపు ఏడాది ముందే వెళతాయి కాబట్టి, సీజన్ మొదలయ్యాక రంగు తప్పని తెలిస్తే ఆ ఏడాదికి చేయగలిగేది లేదు.

రంగు తర్వాత జెర్సీ కత్తిరింపు. యూసీఎల్‌ఏ భుజాల మీది చారలు ఒకప్పుడు భుజం చుట్టూ పూర్తిగా తిరిగేవి. ఎదుటివాడు పట్టుకోకుండా అమెరికన్ ఫుట్‌బాల్ జెర్సీ చేతులను కురచగా, బిగుతుగా చేయడంతో చార తిరగడానికి గుడ్డే మిగల్లేదు. మధ్యలో తెగిపోయింది. ఇది ఏ ఒక్క కంపెనీ తప్పూ కాదు, నమూనా ముందు తయారై సంప్రదాయం దాన్లో ఇమడాల్సి రావడం వల్ల వచ్చింది. చార ముందు గీసి, దానికి తగ్గట్టు చేతిని కోయమని అడిగే హక్కు కాంట్రాక్టులో రాయించుకోవాలి.

బ్రాండ్ మార్పు బట్టల దగ్గరే ఆగుతుందనుకుంటే టెనెస్సీ సంగతి వినండి. అక్కడి మహిళల జట్ల పేరు లేడీ వోల్స్. బాస్కెట్‌బాల్ కోచ్ పాట్ సమ్మిట్ ఎనిమిది జాతీయ టైటిళ్లు గెలిచింది ఆ పేరు మీదే. 2015 జూలై 1న అడిడాస్ నుంచి నైకీకి మారుతూ, నైకీతో కలిసి చేసిన సమీక్ష తర్వాత, బాస్కెట్‌బాల్ తప్ప మిగతా మహిళల జట్లన్నిటికీ ఆ పేరూ లోగో తీసేశారు. అభిమానులు, పాత క్రీడాకారిణులు పట్టు వదల్లేదు. 2017 సెప్టెంబరులో పేరు తిరిగొచ్చింది. జెర్సీల గొడవ పనికిమాలినదనేవాళ్లకు నా జవాబు ఇదే: రెండేళ్లు అరిస్తేనే ఆ పేరు దక్కింది. ఆ టెనెస్సీయే 2026 జూలై నుంచి మళ్లీ అడిడాస్‌కు వెళుతున్నట్టు 2025 ఆగస్టులో ప్రకటించింది. కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకునే వీలు 2021 జూలైలో వచ్చాక, ఆటగాళ్లకు నేరుగా ఏమిస్తారన్నది ఇలాంటి ఒప్పందాల్లో పెద్ద బేరమైంది.

అది ఆలస్యంగా వచ్చిన న్యాయం. 2013 ఆగస్టులో బాస్కెట్‌బాల్ వ్యాఖ్యాత జే బిలాస్ ఎన్‌సీఏఏ సొంత అమ్మకాల సైటులో ఆటగాళ్ల పేర్లు కొట్టి చూపించాడు. ఫుట్‌బాల్ ఆటగాడు మాంజియెల్ పేరు కొడితే అతని యూనివర్సిటీ టెక్సస్ ఏ అండ్ ఎమ్ 2వ నంబరు జెర్సీలు వచ్చాయి. జెర్సీ మీద పేరుండదు, ఆటగాడికి పైసా రాదు, పేరుతో వెతికితే మాత్రం దొరుకుతుంది. కొద్ది రోజుల్లోనే ఆ అమ్మకాలు ఆపేశారు.

బూట్ల గురించి ఒక్క మాట. 2019 ఫిబ్రవరి 20న నార్త్ కరోలినాతో ఆట మొదలైన నిమిషంలోపే డ్యూక్ ఆటగాడు జయాన్ విలియమ్సన్ ఎడమ బూటు చీలిపోయి మోకాలు బెణికింది. నైకీ చెత్తదని అందరూ తీర్మానించేశారు. అతని బరువు దాదాపు 129 కిలోలు, వేసుకున్నది షాపులో దొరికే పీజీ 2.5 నమూనా. అంత బరువు పక్కకు ఒక్కసారిగా తిరిగితే పై గుడ్డకూ అడుగుకూ మధ్య అతుకు మీద పడే లాగుడు మామూలుది కాదు. తర్వాత నైకీ మనుషులు వచ్చి చూసి, చైనా ఫ్యాక్టరీలో అతనికోసం గట్టిపరిచిన జత చేయించారు, మార్చిలో దానితోనే ఆడాడు. ఆ పని సీజన్‌కు ముందే జరగాల్సింది. బ్రాండ్ ఎంచుకునే హక్కు ఆటగాడికి లేనప్పుడు అతని కాలికి సరిపడే బూటు ఇచ్చే పూచీ కాంట్రాక్టుదే.

ఈ సరుకు ఎక్కడ, ఎవరి చేతుల్లో తయారవుతుందో మనకు పట్టాలి. తిరుపతి జిల్లా తడ దగ్గర మాంబట్టులోని అపాచీ ఫ్యాక్టరీలో అడిడాస్ బూట్లు కుడతారు, అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు. 2009లో హోండురాస్‌లో కార్మికులు యూనియన్ పెట్టుకున్న ఫ్యాక్టరీని రసెల్ అథ్లెటిక్ అనే బట్టల కంపెనీ మూసేస్తే, యూనివర్సిటీ లోగోతో బట్టలు అమ్ముకునేందుకు దానికిచ్చిన లైసెన్సులను అమెరికా విద్యార్థులు తమ యూనివర్సిటీల చేత వరసగా రద్దు చేయించారు. ఆ ఏడాది నవంబరులో కంపెనీ దిగొచ్చి, ఫ్యాక్టరీ తెరిచి, కార్మికులను తిరిగి తీసుకోవడానికి ఒప్పుకుంది. లోగో అమ్ముకునే యూనివర్సిటీకి ఆ బలం ఎప్పుడూ ఉంటుంది.

మీరు జెర్సీ కొనేటప్పుడు నంబరును వేలితో తడిమి చూడండి. గుడ్డ ముక్క కత్తిరించి అంచులు కుట్టిన నంబరైతే ఏళ్లు వస్తుంది. వేడి ప్రెస్సుతో అతికించినదైతే డ్రైయర్‌లో వేసిన ప్రతిసారీ అంచు లేస్తుంది, తర్వాత పగుళ్లు. ఏదైనా సరే తిరగేసి చన్నీళ్లలో ఉతకండి, గుడ్డ మెత్తబరిచే ద్రవం పోయకండి, డ్రైయర్ బదులు నీడన ఆరేయండి, నంబరు మీద ఇస్త్రీ పెట్టకండి. ఎరుపు పాలిస్టర్ మీద తెల్ల నంబరు గులాబీ రంగుకు తిరిగితే అది మీ ఉతుకు తప్పు కాదు. ప్రెస్సు వేడి ఎక్కువై కింది రంగు పైకెక్కింది, వాపసు ఇచ్చేయండి.

తెలుగు విద్యార్థి సంఘాలు క్రికెట్ టోర్నీలకో ఉగాదికో యూనివర్సిటీ లోగోతో టీషర్టులు చేయించుకునేటప్పుడు ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఊళ్లో చవకగా ప్రింట్ చేసే షాపుకు లైసెన్సు ఉండదు, సరుకు వచ్చాక యూనివర్సిటీ ట్రేడ్‌మార్క్ ఆఫీసు నుంచి మెయిల్ వస్తుంది. ముందే ఆ ఆఫీసు దగ్గర లైసెన్సున్న షాపుల జాబితా తీసుకుని, డిజైన్ పంపి అనుమతి రాయించుకోండి, కనీసం నెల ముందు మొదలుపెట్టండి. స్పాన్సర్ చేసిన ఇండియన్ రెస్టారెంటు లోగోను యూనివర్సిటీ లోగో పక్కన చాలాచోట్ల ఒప్పుకోరు, అదీ ముందే అడగండి. ఆర్డరులో ఆరెంజ్ అనో నీలం అనో రాయకుండా పాంటోన్ నంబరు రాసి, ఒక్క నమూనా షర్టు తెప్పించి ఎండలో చూశాకే మిగతావాటికి డబ్బు కట్టండి.